వరుస మార్చిన పది నిమిషాలు

లోపల అంకె, బయట మాట

మా పార్వతీపురం బంధువులకు ఇప్పటికీ నేను ఇన్నేళ్లు కంప్యూటర్లో ఏం చేశానో అంతుపట్టదు. "టైపింగా?" అంటారు. కాదన్నా నమ్మరు కాబట్టి ఔననేస్తాను. నిజానికి టైపింగు కన్నా చిన్న పనే. నేను అంకెలకు పేర్లు అతికించాను.

కాస్త వివరంగా చెప్పాలి, తర్వాత జరిగిందంతా దీని మీదే నడుస్తుంది. ప్రభుత్వ ఆఫీసుల కోసం మేం రాసే ప్రోగ్రాముల్లో కొన్ని ప్రశ్నలకు జవాబులు ముందే కట్టేసి ఉంటాయి. గర్భిణి ఇప్పుడు ఎక్కడుంది అనే ప్రశ్న తీసుకోండి. ఇంటి దగ్గర, కన్నవారింట్లో, ఆసుపత్రిలో, ప్రసవమైంది, వలస వెళ్లింది. ఈ ఐదింటిలో ఒకటి నొక్కాలి. ఆరో జవాబు మీ దగ్గరున్నా పెట్టడానికి చోటుండదు. మీరు నొక్కిన మాటను కంప్యూటర్ దాచుకోదు, దానికి కేటాయించిన అంకెను దాచుకుంటుంది. రేపు ఇంకెవరో తెరిచినప్పుడు ఆ అంకెకు తగిన మాటను చూసేవాళ్ల భాషలో చూపిస్తుంది. ఢిల్లీలో చూస్తే ఇంగ్లీషు, పాడేరులో చూస్తే తెలుగు. ఆ అంకెకూ ఈ మాటకూ ముడి వేయడం నా ఉద్యోగం.

ముడి తప్పితే కంప్యూటర్ ఆగదు. ఎర్ర దీపం వెలగదు. గుండ్రటి తెలుగు అక్షరాల్లో నింపాదిగా అబద్ధం చెప్తుంది, అంతే. మనవాళ్లకేమో తెర మీద కనిపించిన మాటంటే మహా గౌరవం, ఎదురుగా నిలబడ్డ మనిషి మాటంటే లోకువ.

కొత్తగా ఈ పనిలో చేరుతున్న పిల్లలు వచ్చి ఏ కోర్సు చేయమంటారని అడుగుతుంటారు. కోర్సుల సంగతి నాకు తెలియదు. ఎవర్ని అనుమానించాలో మాత్రం చెప్పగలను. అది నేర్చుకోవడానికి నాకు ఉద్యోగం మొత్తం పట్టింది, నేర్చుకునేసరికి ఆలస్యమైపోయింది కూడా.

బస్తాలు ఎదురుగానే ఉన్నాయి

మా కంపెనీ విశాఖపట్నంలో. యజమానిని అందరం సారు అనేవాళ్లం. చెడ్డవాడు కాదు. కానీ ఆయన దృష్టిలో ప్రోగ్రాం అంటే పెళ్లిచూపులకు తయారు చేసిన పిల్ల. అధికారుల ముందు కూర్చోబెట్టినప్పుడు ముచ్చటగా కనిపించాలి. ఆ తర్వాత ఎవరి పాట్లు వాళ్లవి.

ఒక ఊళ్లో మార్కెట్ యార్డుకు మేం తెర పెట్టాం. ఏ రైతు సరుకు ఏ స్థితిలో ఉందో తెలుగులో చూపిస్తుంది. వేలం కాలేదు, వేలంలో ఉంది, ఇలా. ఒక రోజు కొండ మీద నుంచి చింతపండు తెచ్చిన ముసలాయన తన సరుకు సంగతి అడిగాడు. గుమాస్తా తెర చూసి అమ్ముడైపోయింది పొమ్మన్నాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

"అమ్ముడైపోతే బస్తాలు నా ముందల ఎందుకున్నాయి బాబూ?" అన్నాడు ముసలాయన.

"సిస్టంలో అమ్ముడైపోయింది తాతా. సిస్టం తప్పు సెప్తాదేటి?"

మధ్యాహ్నం దాకా ఆ వాదన అలాగే నడిచింది. ముసలాయన బస్తా మీద కూర్చుని ఉన్నాడు, గుమాస్తా తెరను చూపిస్తున్నాడు. తీరా నేను లోపల చూస్తే, సరుకును తేమ పరీక్షకు పంపినట్టు తెలిపే కొత్త అంకెను ఎవరో మాకు చెప్పకుండా చేర్చారు. దానికి తెలుగు మాట లేదు. మాట లేని అంకె వస్తే జాబితాలో మొట్టమొదటి మాటను చూపించమని ప్రోగ్రాంలో రాసి ఉంది. మొట్టమొదటి మాట 'అమ్ముడైంది'.

అలా రాయించింది సారే. మాట లేకపోతే ఉత్త అంకెనే చూపిద్దాం, జనం వచ్చి ఇదేమిటని అడుగుతారు, అప్పుడు సరిచేస్తాం అని నేను ముందే అన్నాను. "షోకేసులో చీపురు పెడతావా?" అన్నాడాయన. నేను నోరు మూసుకున్నాను. ఈ కథలో నేను నోరు మూసుకోవడం అదే మొదటిసారి, చివరిసారి కాదు.

అఆల వరుస

మూడేళ్ల తర్వాత గర్భిణుల యాప్ మా చేతికొచ్చింది. ఏజెన్సీ గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఫోను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఏ గర్భిణి ఎక్కడుందో వారం వారం నొక్కాలి. నెలలు నిండి ఇంటి దగ్గరే ఉన్నవాళ్ల పేర్లు ప్రతి సోమవారం జాబితాగా వస్తాయి. ఆ జాబితా పట్టుకుని జీపు కొండ ఎక్కి, నొప్పులు రాకముందే వాళ్లను కిందకు తెచ్చి ఆసుపత్రిలో ఉంచుతుంది. పేరు జాబితాలో లేకపోతే జీపు రాదు.

మొదట్లో యాప్ అంతా ఇంగ్లీషే. తర్వాత తెలుగు చేశాం. మాటలు నేనే రాశాను. 'ప్రసవానంతర స్థితి' లాంటివి నగరం నుంచి ఎవరో పంపితే పక్కన పడేసి, అరకు సంతలో నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టి అడిగి రాశాను. ఆ సంగతిలో నాకు ఇప్పటికీ గర్వమే.

అధికారులకు చూపించే ముందు రోజు సారు నా వెనక నిలబడి తెర చూశాడు.

"తెలుగు చేశావు బాగానే ఉంది. వరుసేమిటి ఇలా ఉంది? ఇంటి దగ్గర, కన్నవారింట్లో, ఆ తర్వాత ఆసుపత్రిలో. అఆల వరుసలో పెట్టు, నిఘంటువులాగ. చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది."

పది నిమిషాల పని. పెట్టేశాను. ఆసుపత్రి పైకొచ్చింది, ఇల్లు రెండోదైంది, కన్నవారిల్లు మూడోదైంది. ప్రసవం, వలస ఎక్కడివక్కడే ఉన్నాయి. మాట కదిలితే దాని వెనకున్న అంకె కూడా కదలాలి, కదిలింది. పది సార్లు నొక్కి చూశాను. ఏ ముడీ తప్పలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మూడు వాక్యాలు

వానాకాలంలో ఫోనొచ్చింది. డుంబ్రిగుడ అవతల కొండ మీద చిన్న గూడెం. బుద్రి అనే అమ్మాయికి తొలి కాన్పు. నెలలు నిండినా జీపు రాలేదు. నొప్పులొచ్చాక ఇంట్లోవాళ్లు మోసుకుని దిగుతుంటే దారిలోనే కాన్పయింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

జీపు ఎందుకు పోలేదని విచారణ పెట్టారు. యాప్‌లో చూస్తే బుద్రి పది రోజులుగా ఆసుపత్రిలోనే ఉన్నట్టుంది. ఆసుపత్రి రిజిస్టరులో ఆ పేరే లేదు. ఆ గూడెం కార్యకర్త రూతమ్మ. ఆమె నమోదు చేసిన మిగతా గర్భిణులను కూడా చూశారు. ఇళ్లలో ఉన్నవాళ్లందరినీ ఆసుపత్రిలో ఉన్నట్టే పెట్టింది. ఆసుపత్రి లెక్కలు ఎక్కువ చూపించి మెప్పు కొట్టేయాలని చూసిందన్నారు. ఆమె ఎంత మొత్తుకున్నా, నేను ఇల్లనే నొక్కాను అన్నా, ఎవరూ వినలేదు.

నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. ప్రోగ్రాంలో తప్పుందా, మనిషిలో తప్పుందా?

నేను అనుమానం మనిషిని. కూరగాయలవాడు తూచే తక్కెడ నుంచి పాస్టరు గారి లెక్కల దాకా దేన్నీ ఊరికే నమ్మను. ఏజెన్సీలో దొంగ నమోదులు ఎన్ని చూశానో. అందుకే ఎక్కడ చూడాలో నాకు బాగా తెలుసనుకున్నాను. నమోదు ఆమె ఫోను నుంచే జరిగింది, ఆమె లాగిన్ తోనే జరిగింది, తెర మీద ఆసుపత్రి అని ఉన్నచోటే నొక్కింది. మూడు వాక్యాలు రాసి సంతకం పెట్టాను. నమోదులు కార్యకర్త స్వయంగా చేసినవి. సాఫ్ట్‌వేర్‌లో ఎటువంటి లోపమూ లేదు. ఇవి తెలిసి చేసిన తప్పుడు నమోదులుగా కనిపిస్తున్నాయి.

మూడో వాక్యం నన్నెవరూ అడగలేదు. నేనే రాశాను. దాంతో రూతమ్మ ఫోను తీసేసుకుని పనిలోంచి తప్పించారు.

కొండెక్కిన దొంగ

పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. నన్ను దారిలో పెట్టింది పశ్చాత్తాపం కాదు, అనుమానమే.

నెల తర్వాత వేరే పని మీద అదే మండలం నమోదులు తిరగేస్తున్నాను. మిగతా కార్యకర్తలవి చూస్తే అన్నీ చక్కగా ఉన్నాయి. ఒక్క పొరపాటు లేదు. అంత చక్కగా ఉంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ చోటు నుంచి నొక్కారో కూడా యాప్ రాసుకుంటుంది, అది చూశాను. అందరివీ శుక్రవారం ఉదయం ఒకే గంటలో, ఒకే చోటు నుంచి. అది మండలంలోని ఆఫీసు. కార్యకర్తలు ఫోనులో పేర్లు చెప్తే ఆపరేటరు కుర్రాడు చల్లగా ఫ్యాను కింద కూర్చుని, తెర చదువుకుని అందరివీ నింపేస్తున్నాడు.

రూతమ్మ నమోదులు అలా లేవు. ఒకటి వాగు దగ్గర, ఒకటి కాఫీ తోట పక్కన, ఒకటి కొండ మీద బుద్రి ఇంటి ముందు. గంటకొకటి, రెండు గంటలకొకటి. ప్రతి గడపకీ నడిచింది. దొంగ లెక్క రాయదలుచుకున్న మనిషి వానలో ఇన్ని కొండలెక్కి, ఒక్కో ఇంటి ముందూ నిలబడి ఎందుకు రాస్తుంది? ఇంట్లో కూర్చుని రాయొచ్చు కదా.

మరుసటి సంత రోజున డుంబ్రిగుడ వెళ్లాను.

రూతమ్మ రాజ్‌మా చిక్కుళ్లు రాశి పోసుకుని కూర్చుంది. నలభై దాటి ఉంటాయి. నన్ను గుర్తుపట్టింది.

"ఏటి కావాలి మేడం? సిక్కుళ్లా?"

"నీతో మాట్లాడాలి రూతమ్మా."

"మాటాడ్డానికి ఏటున్నాది. మీరు రాసీసినారు కదా."

నేను కింద కూర్చున్నాను. నా ఫోనులో ఆ యాప్ నమూనా ఉంది. తెరిచి ఆమె చేతికిచ్చి, ఎవరో ఒక గర్భిణి ఇంటి దగ్గరే ఉందనుకో, ఎలా నొక్కుతావో చూపించమన్నాను. నన్ను కాసేపు పరీక్షగా చూసింది. ఇదేదో కొత్త ఉచ్చు అనుకుంది కాబోలు. తర్వాత ఫోను ఎండకు అడ్డంగా అరచెయ్యి పెట్టుకుని, కొనడానికొచ్చిన ఒకామెకు ధర చెప్తూనే, తెర వంక సరిగ్గా చూడకుండా బొటనవేలితో పైదాన్ని నొక్కింది. తెర మీద పచ్చ టిక్కు మాత్రం వెలిగింది. ఏం నొక్కారో మళ్లీ చూపించదు. తెర శుభ్రంగా ఉండాలని అదీ మా సారు ముచ్చటే.

"ఏం నొక్కావు?"

"ఇల్లు. మొదటిది ఇల్లు కదా."

"అక్కడ తెలుగులో రాసుంది కదమ్మా. చదవలేదా?"

"మీరే కదా సదవొద్దన్నారు," అంది రూతమ్మ. కోపంగా కూడా అనలేదు. "ఫోన్లు పంచిన్నాడు మీరే నిలబెట్టి సెప్పించినారు. పైనుంచి లెక్కెట్టండి, సదవడానికి సూడకండి అని. మొదటిది ఇల్లు, రెండోది కన్నోరిల్లు, మూడోది ఆసుపత్రి. ఎక్కాల్నాగ అందరిసేతా సెప్పించినారు. మరిసిపోనారేటి?"

మరిచిపోయాను. పూర్తిగా మరిచిపోయాను. మొదటి శిక్షణ రోజున యాప్ ఇంగ్లీషులో ఉండేది, వాళ్లకు ఇంగ్లీషు రాదు. అందుకని నేనే ఒక తెలివైన ఉపాయం కనిపెట్టాననుకుని లెక్కపెట్టడం నేర్పాను. హాలంతా గొంతెత్తి అప్పజెప్పింది. ఆ రోజు చప్పట్లు కూడా కొట్టారు. తర్వాత నేనే తెలుగు చేశాను, నేనే వరుస మార్చాను. వరుస మారిందని ఒక్క కార్యకర్తకు చెప్పలేదు. మాటలు వచ్చాయి కదా, ఇంక చదువుకుంటారులే అనుకున్నాను. వేలు నేర్చుకున్నదాన్ని కళ్లు అంత త్వరగా మార్చలేవని నాకు తోచలేదు.

మిగతావాళ్లు ఈ యాప్‌ను ముట్టుకోలేదు కాబట్టి వాళ్ల లెక్కలు సరిగ్గా ఉన్నాయి. నేను నేర్పింది నేర్పినట్టు చేసిన మనిషి ఒక్కతే, ఆమె మీదే నేను సంతకం పెట్టాను.

శిక్షణ లోపం

విశాఖపట్నం వెళ్లి సారుకు అంతా చెప్పాను.

"శిక్షణ లోపం అని రాయి," అన్నాడు. "లోపం ఎవరిదో రాయకు. ఆమెకు మళ్లీ శిక్షణ ఇచ్చి పనిలోకి తీసుకోమందాం. ఆమెకూ మంచిదే, మనకూ మంచిదే."

ఇలాంటి వాక్యాలు ఎలా పుడతాయో నాకు బాగా తెలుసు. శిక్షణ లోపం అంటే చదివినవాళ్లకు ఏమర్థమవుతుంది? రూతమ్మకు బుర్రకెక్కలేదని. మళ్లీ ఆమెనే తప్పు పట్టడం, కాస్త మెత్తగా.

ఈసారి నోరు మూసుకోలేదు. రిటైరవడానికి కొద్ది నెలలే ఉంది కాబట్టి ధైర్యం వచ్చిందంటారేమో, అనండి, అందులో నిజముంది. లెక్కపెట్టమని నేర్పింది నేను, చెప్పకుండా వరుస మార్చింది నేను, విచారించకుండా నింద వేసింది నేను అని రాసి, సారుకు చూపించకుండానే అధికారులకు పంపాను. వరుస పాతదానికి మార్చాను. నొక్కిన మాట పెద్ద అక్షరాల్లో మళ్లీ చూపించి, ఔనా కాదా అని అడిగేలా చేశాను. సారు రెండు వారాలు నాతో మాట్లాడలేదు. రూతమ్మను పనిలోకి తీసుకుంటూ కాగితం వచ్చింది. అది పట్టుకుని సంతోషంగా మళ్లీ సంతకు వెళ్లాను.

రూతమ్మ కాగితం చదివింది. కూడబలుక్కుంటూ, ఒక్క మాట వదలకుండా చదివింది. మడిచి నా చేతిలో పెట్టింది.

"ఇది ఆఫీసోలికి మేడం. నాకేటి సేత్తాది? గూడెంలో ఒక్కరూ నాకు తలుపు తియ్యట్లేదు. కడుపుతో ఉన్న గుంటలు నన్ను సూస్తే లోపలికెళ్లిపోతన్నారు. బుద్రి బిడ్డని నేనే సంపీసినానంతన్నారు. తలుపు తియ్యకపోతే నేను ఏ పని సేత్తాను?"

"నేనేం చెయ్యాలి?"

"కాయితం మీద రాసీడం కాదు. బుద్రి గుమ్మంకాడికొచ్చి నోటితో సెప్పండి."

గుమ్మం

కొండ ఎక్కడానికి నాకు పూట పట్టింది. నాలుగుసార్లు కూర్చున్నాను. రూతమ్మ ప్రతిసారీ ఆగింది, ఒక్కసారీ బేగి రమ్మనలేదు.

బుద్రి లోపల పడుకుని ఉంది. గుమ్మంలో అత్త సుక్రి కూర్చుని, చెక్క తలుపుకు అడ్డంగా కాలు చాపుకుని చీపురు పుల్లలు కడుతోంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఏడెనిమిది మంది చేరారు. సుక్రికి తెలుగు రాదు, ఆదివాసీ ఒరియా మాట్లాడుతుంది. నాకు ఆ భాష రాదు. నేను చెప్పింది రూతమ్మే వాళ్ల భాషలో చెప్పాలి.

ఉద్యోగమంతా ఇతరుల మాటలకు తెలుగు అతికించినదాన్ని, మొదటిసారి నా మాట ఇంకొకరి చేతిలో పెట్టాను. ఆమె ఏం చెప్తుందో నాకు తెలిసే దారి లేదు. నా మీద ఉన్న కసి అంతా తీర్చుకున్నా తెలియదు. నేను చెప్పాల్సింది చెప్పాను. వేలు ఎక్కడ నొక్కిందో, నేను ఏం మార్చానో, ఎందుకు చెప్పలేదో. జాబితాలో బుద్రి పేరు లేకపోవడానికి నేనే కారణమని చెప్పాను. రూతమ్మ ఒక్కో వాక్యం విని, ఆగి, వాళ్లకు చెప్పింది. నేను రెండు ముక్కల్లో చెప్పింది ఆమె రెండు ముక్కల్లోనే చెప్పింది. తనకు అనుకూలంగా ఒక్క ముక్క కూడా పొడిగించినట్టు నాకు వినిపించలేదు.

సుక్రి చీపురు పుల్లలు పక్కన పెట్టింది. నా వైపు చూసి ఏదో అడిగింది. చిన్న ప్రశ్న. చుట్టూ ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు.

"ఏమంటోంది?" అన్నాను.

"మీరు రూతమ్మ మీద రాసే ముందు రూతమ్మని ఓపాలి అడిగినారా, అని అడుగుతన్నాది."

ఫోను చేస్తే సరిపోయేది. ఎలా నొక్కావమ్మా అని ఒక్క మాట అడిగితే ఆమె సంతలో చెప్పిందే ఆ రోజూ చెప్పేది. నేను కంప్యూటర్ను అడిగాను, మనిషిని అడగలేదు. అనుమానం మనిషినని గొప్పలు చెప్పుకునే నాకు ఇంత తేలిక అనుమానం రాలేదు.

"అడగలేదని చెప్పు," అన్నాను.

రూతమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇది నేను సెప్పకూడదు మేడం. మీరే సెప్పండి. ఎలాగనాలో నేర్పుతాను."

రెండే మాటలు. ఆమె నెమ్మదిగా రెండుసార్లు పలికింది. నేను లోపల ఒకసారి అనుకుని, సుక్రి మొహం చూస్తూ పైకి పలికాను. పలకడం సరిగ్గా వచ్చిందో లేదో తెలియదు. లోపల బుద్రి ఏడుపు మాత్రం వినిపించింది.

సుక్రి గుమ్మానికి అడ్డంగా పెట్టిన కాలు తీసి, రూతమ్మను లోపలికి పిలిచింది. రూతమ్మ చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. నన్నెవరూ పిలవలేదు, నేను బయటే నిలబడ్డాను.